కరెంటు రెండో రోజుకూ రాకపోతే: ఇన్వర్టర్లు బిగించేవాడి మాట

గంటసేపు కరెంటు పోతే నన్ను ఎవరూ తలచుకోరు. రెండో రోజుకూ రాకపోతే నా ఫోనుకు విరామం ఉండదు. అప్పుడు వినబడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ ఉంటే రాత్రంతా ఢోకా లేదు.

వాస్తవం: లెక్క వేద్దాం. 150ని 12 వోల్టులతో హెచ్చిస్తే 1,800 వాట్ అవర్లు. అది కాగితం మీది మాట. ఇన్వర్టర్ కొంత తినేస్తుంది, బ్యాటరీని అడుగంటా పిండకూడదు కూడా. చేతికి దక్కేది 1,000 అనుకోండి. పాతరకం సీలింగ్ ఫ్యానుకు 75 వాట్లు కావాలి. రెండు తిరిగితే ఆరున్నర గంటలకే సరి. తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లైతే పదహారు గంటలు. అందుకే పెద్ద బ్యాటరీ అడిగినవారికి ముందు ఫ్యాన్లు మార్చుకోండి అంటాను. నా బేరం పోతుంది, అది వేరే సంగతి.

అపోహ: ఫ్రిజ్‌ను మధ్యమధ్య తెరిచి చూసుకోవాలి.

వాస్తవం: తలుపు తీయకుంటే ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండు ఫ్రీజర్ 48 గంటల దాకా చల్లగా ఉంటాయి. తీసిన ప్రతిసారీ ఆ గడువు తరుగుతుంది.

అపోహ: జనరేటర్ తీగను గోడ సాకెట్‌లో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది.

వాస్తవం: వెలుగుతుంది. నా భయమూ అదే. ఒక ఇంట్లో రెండు కొసలకూ ప్లగ్గు బిగించిన తీగ చూశాను. ఒక కొస జనరేటర్‌లో ఉండగా రెండో కొస ఊడితే, ఆ పిన్నుల్లో 230 వోల్టులు బయటికే ఉంటాయి. అంతకన్నా ఘోరం వీధిలో జరుగుతుంది. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనుక నుంచి చేరుతుంది. 11,000 వోల్టులను 230కి దించే ఆ పెట్టె, అప్పుడు 230ని 11,000కు ఎక్కిస్తుంది. లైను ఆపేశారన్న నమ్మకంతో లైన్‌మన్ స్తంభం మీద ఉంటాడు. "మెయిన్ ఆపాం కదండీ" అన్నారు ఆ ఇంటివారు. చీకట్లో, నిద్రమత్తులో ప్రతిసారీ గుర్తుంటుందా? ఇంటికి లైను కరెంటో జనరేటర్ కరెంటో ఏదో ఒక్కటే అందించే ఛేంజోవర్ స్విచ్ ఉంటే రెండూ కలిసే వీలే లేదు. ఆ తీగను అక్కడే కత్తిరించాను. కొత్త తీగ పాడుచేశానని కాస్త నొచ్చుకున్నారు.

అపోహ: కిటికీ తెరిచి ఉంటే జనరేటర్‌ను బాల్కనీలో పెట్టుకోవచ్చు.

వాస్తవం: కూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలుపులకు, కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరాన, ఆరుబయటే పెట్టాలి.

అపోహ: కరెంటు రాగానే బ్యాటరీలో నీళ్లు నింపాలి.

వాస్తవం: ప్లేట్లు తేలి కనబడితే అవి మునిగేంత డిస్టిల్డ్ వాటర్ మాత్రం పోయండి. మిగతాది ఛార్జింగ్ పూర్తయ్యాకే. ఛార్జింగ్‌లో ద్రవం పైకి పొంగుతుంది. ముందే నిండుగా పోస్తే ఆమ్లం ఒలికి టెర్మినళ్లను తినేస్తుంది.