ఒక్క ‘అ’కు ముగ్గురు యజమానులు

ఐరిష్‌లో పిల్లిని ‘కత్’ అంటారు. ఆయన పిల్లి, ఆమె పిల్లి, వాళ్ల పిల్లి అనాలంటే మూడింటికీ ముందు వచ్చేది ఒకే పొట్టి ‘అ’. ఎవరి పిల్లో తేల్చేది పిల్లి మొదటి హల్లే. ఆయనదైతే ‘అ ఖత్’ (ఖ గొంతులో ఒరుసుకుంటుంది), ఆమెదైతే ‘అ కత్’, వాళ్లదైతే ‘అ గత్’. కొత్తగా నేర్చుకునేవాళ్లు హల్లు మార్చడం మరిచిపోతే వాక్యం చెడదు, ఆయన పిల్లి కాస్తా ఆమెదైపోతుంది!

ఈ మూడు ‘అ’లూ ఒకప్పుడు వేరువేరు మాటలు. సంస్కృతంలోని అస్య, అస్యాః, ఏషామ్‌లకు దాయాదులు. మొదటిది అచ్చుతో ముగిసేది, అందుకే రెండు అచ్చుల నడుమ పడ్డ ‘క’ సడలింది. రెండోదాని చివరి సకారం ‘క’ను కాపాడింది. మూడోదాని అనునాసికం తగిలి ‘క’ ‘గ’ అయింది. తర్వాత చివరలు రాలిపోయాయి, వాటి దెబ్బ మాత్రం పక్క మాట మీద మిగిలింది. పూచెను, కలువలు కలిసి ‘పూచెఁ గలువలు’ కావడం తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. ద్రుతం (చివరి నకారం) వినిపించకపోయినా సరళం (‘గ’) నిలిచే ఉంది కదా.

అచ్చుతో మొదలయ్యే మాటల్లో రాలిన చివరలు ఇంకా బయటపడతాయి. తండ్రి ‘అహిర్’. ఇది సంస్కృత పితృ, లాటిన్ పాటర్‌ల కుటుంబమే. ఐరిష్ పుట్టిన సెల్టిక్ శాఖలో మొదటి ‘ప’ పోయింది, నడిమి ‘త’ ఐరిష్‌లో ‘హ’ దాకా అరిగింది. ఆమె తండ్రి ‘అ హహిర్’, వాళ్ల తండ్రి ‘అ నహిర్’. ఆ ‘హ’ పాత సకారం, ఆ ‘న’ పాత అనునాసికం.

రాతలో ఐరిష్ మూలాక్షరాన్ని వదలదు. ‘గత్’ను జీ, సీ, ఏ, టీ అని రాస్తారు, మొదటి రెండింటిలో పలికేది జీ ఒక్కటే, నిఘంటువులో వెతకాల్సింది సీ కింద. రెండింటినీ కలిపి పలకడం కొత్తవాళ్ల మామూలు పొరపాటు. డబ్లిన్‌కు ఐరిష్ పేరు బీతో మొదలవుతుంది. ‘డబ్లిన్‌లో’ అంటే పెద్ద బీ ముందు చిన్న ఎమ్ చేరుతుంది. బోర్డంతా పెద్దక్షరాల్లో ఉన్నా ఆ ఎమ్ చిన్నదే.

మాంక్స్‌కు ఈ సదుపాయం లేదు. ఐరిష్‌కు దగ్గరి చుట్టమైన మాన్ ద్వీపపు ఈ భాష ఇంగ్లిష్ పద్ధతిలో, వినిపించినట్టు రాసుకుంది. కాబట్టి మాట ‘వీ’తో మొదలైతే మూలం బీ కావచ్చు, ఎమ్ కావచ్చు, ‘వీ’తో కనిపించిన పడవను బీ కింద, తల్లిని ఎమ్ కింద వెతకాలి. పైగా మన, మీ, వాళ్ల అనే మూడూ కలిసి ‘నిన్’ అనే ఒక్క మాటయ్యాయి, మూడింటి తర్వాతా హల్లు ఒకేలా మారుతుంది. అందుకే ఎవరిదో స్పష్టంగా చెప్పాల్సినప్పుడు మాంక్స్‌లో ‘ఆ పడవ, మా దగ్గరిది’ అన్నట్టు యజమానిని వెనక చేరుస్తారు.