దూది పింజను మరక అనుకుని చెరిపేశాను: పాత ఫోటోలకు రంగులు, కొన్ని అపోహలు

పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలకు రంగులు వేయడం నా పని. ఎక్కువగా తాతయ్యల ఫోటోలు, పెళ్లి ఫోటోలు వస్తాయి. తీరిక దొరికితే మాత్రం లూయిస్ హైన్ తీసిన ఫోటోలు ముందేసుకుని కూర్చుంటాను. 1908 నుంచి, బాలకార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా పనిచేసిన నేషనల్ చైల్డ్ లేబర్ కమిటీ కోసం అమెరికాలో నూలు మిల్లులూ గనులూ తిరిగి, అక్కడ పనిచేసే పిల్లల్ని ఫోటోలు తీసినాయన. మిల్లులోకి రానివ్వకపోతే బైబిళ్లు అమ్ముకునేవాణ్ణని చెప్పి దూరేవాడు. ఆ ప్రింట్లు ఐదు వేలకు పైగా ఇప్పుడు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. చాలావాటి పెద్ద స్కాన్లు ఎవరైనా దించుకోవచ్చు. వాటికి నేను వేసిన రంగులు చూసి జనం అనే మాటలు కొన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి.

అపోహ: ఫోటోలో దాగిన అసలు రంగును సాఫ్ట్‌వేర్ బయటికి తీస్తుంది.

దాగినదేమీ లేదండీ. అప్పట్లో కెమెరాలో ఫిల్ముకు బదులు వాడిన గాజు ప్లేట్లకు ఎరుపు దాదాపు కనిపించదు, నీలం మాత్రం బాగా తగులుతుంది. అందుకే ఎర్ర రిబ్బను నల్లగానూ, లేత నీలం గౌను తెల్లగానూ పడతాయి. నీలి కళ్లు పాలిపోతాయి. ముఖం మీది చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు మసి అంటినట్టు ముదురుగా వస్తాయి. ఫోటోలో నల్లగా ఉన్న జాకెట్టు అసలు ఎరుపా, ముదురు ఆకుపచ్చా, నిజంగా నలుపేనా అంటే ఆ ఫోటో ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. నేను చేసేది అంచనా. చదివి వేసే అంచనా, అంతే.

అపోహ: పేదపిల్లలు కదా, బట్టలన్నీ మట్టిరంగే.

1856లో పెర్కిన్ అనే ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్త ఊదారంగు తయారుచేసిన దగ్గర్నుంచి రసాయన రంగులు చవకవుతూ వచ్చాయి. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి మార్కెట్లోకి దిగింది. మన నీలిమందు సాగు నడుం విరిచింది అదే. హైన్ ఫోటోల నాటికి పువ్వుల చీటీ గుడ్డ, గళ్ల గుడ్డ మిల్లు కూలీల ఇళ్లలోనూ ఉండేవి. కాకపోతే ఉతికి ఉతికి వెలిసిన గుడ్డ. రంగు వేశాక దాన్ని సగానికి తగ్గించడమే అసలు పని.

అపోహ: ఏఐకి ఇస్తే క్షణంలో అయిపోతుంది.

క్షణంలో అవుతుంది, ఆ మాట నిజమే. 1909 జనవరిలో జార్జియాలోని మేకన్‌లో తీసిన ఫోటో ఒకటుంది. తెగిన దారాలు అతకడానికి, ఖాళీ బాబిన్లు (దారం చుట్టే కండెలు) మార్చడానికి చిన్న పిల్లలు యంత్రం మీదికే ఎక్కారు. ఒకడి కాలికి బూటు లేదు. ఏఐ ఆ వట్టి పాదానికి తోలు బూటు రంగు పూసింది!

నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. మొదట్లో ఒక అమ్మాయి ఫోటో మీద మూడు గంటలు కూర్చుని, తెల్లచుక్క కనిపిస్తే చాలు హీలింగ్ బ్రష్‌తో (సాఫ్ట్‌వేర్‌లో మరకలు చెరిపే పనిముట్టు) చెరిపేశాను. స్పిన్నింగ్ మిల్లులో చాలా ఏళ్లు చేసిన మా బాబాయికి గర్వంగా చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఏరా, ఈ పిల్ల మిల్లులోకి ఇప్పుడే అడుగుపెట్టిందా? తలలో ఒక్క పింజ లేదేంట్రా?" అన్నాడు. అసలు స్కాన్ మళ్లీ తెరిచి చూస్తే జుట్టులో, భుజాల మీద, కిటికీ గట్టున అంతా దూదే. ప్లేటు మీది దుమ్మనుకుని నేను ఊడ్చేసింది దాన్నే. ఆ దూది నుసే పీల్చి పీల్చి మిల్లు కూలీలకు ఊపిరితిత్తులు పాడయ్యేవి.

ఇప్పుడు తేడా ఇలా చూస్తాను. ప్లేటు మీది దుమ్ము ఎక్కడున్నా అంచు స్పష్టంగా ఉంటుంది, వెనకాల మసకగా ఉన్న గోడ మీద కూడా. దూది అలా కాదు, గోడ మసకైతే అదీ మసకవుతుంది. జుట్టు మీద వాలుతుంది, గట్ల మీద పేరుకుంటుంది. రంగు కూడా పూర్తి తెలుపు కాదు, మీగడ రంగు.

అపోహ: పాత ఫోటో కదా, దీపం వెలుగులా పసుపు కొట్టాలి.

చీకటి మిల్లుల్లో హైన్ వాడింది మెగ్నీషియం పొడి. భగ్గుమని తెల్లటి వెలుగిస్తుంది. పసుపుదనం మన సినిమాలు నేర్పిన అలవాటు.

అపోహ: రంగు వేస్తేనే జాలి పుడుతుంది.

ఇక్కడ నాకు కాస్త కోపం వస్తుంది. 1908 డిసెంబర్‌లో నార్త్ కరోలినాలోని విట్నెల్ మిల్లులో తీసిన అమ్మాయి ఫోటో కింద హైన్ రాసుకున్నాడు: ఎత్తు 51 అంగుళాలు, రోజుకు 48 సెంట్లు, ఒక్కోసారి రాత్రి పని కూడా. వయసెంతని అడిగితే ముందు గుర్తులేదందట. తర్వాత, పనికి రావలసిన వయసు రాలేదుగానీ చేస్తున్నానని గుట్టుగా చెప్పిందట. పిల్లల ఎత్తును ఆయన తన కోటు గుండీలతో పోల్చి లెక్కగట్టేవాడు. రంగుల ఫోటో పంచుకునేవాళ్లు ముందు కత్తిరించేది ఈ రాతనే.

అందుకే నేనిప్పుడు ఫోటో అంచులోనే ఆ వివరాలు తెలుగులో పెట్టి, పక్కన "రంగులు ఊహ" అని రాస్తున్నాను. మొన్నొకాయన ఫోన్ చేసి, స్టేటస్‌లో పెట్టుకుంటాను, ఆ రాతలు తీసేసి పంపమన్నాడు. పంపలేదు. బదులుగా బ్లాక్ అండ్ వైట్ స్కాన్ పంపాను.