ఇంగ్లండ్ పొలాల్లో సర్క్యులర్ వాక్: మనవాళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

వీకెండ్ వాక్‌లకి మన తెలుగు ఫ్యామిలీస్‌ని తీసుకెళ్తుంటాను. రెడింగ్, స్లౌ, హై వికమ్ వైపు వాళ్ళే ఎక్కువ వస్తారు, అందుకే చిల్టర్న్స్ కొండల్లో ఎక్కువ తిరుగుతాం. ఇక్కడ టర్విల్ రౌండ్‌ని ఉదాహరణగా పెట్టుకుని చెప్తా. టర్విల్ ఊళ్ళో బయల్దేరి, కొండ మీదున్న కాబ్‌స్టోన్ గాలిమర దగ్గరికెక్కి, అటునుంచి ఫింగెస్ట్‌లోకి దిగి, పొలాల మీదుగా మళ్ళీ టర్విల్ చేరడం, నాలుగు మైళ్ళు అటూ ఇటూ. చిన్న నడకే, కానీ కొత్తవాళ్ళకి వచ్చే డౌట్లన్నీ ఇంతలోనే వచ్చేస్తాయి.

అపోహ: ఎవరిదో పొలం, మనం వెళ్తే ఊరుకుంటారా?

అందరూ మొదట అడిగేది ఇదే, గేటు దగ్గర ఆగిపోయి నా వైపు చూస్తారు. పొలం రైతుదే, సందేహం లేదు. కానీ అందులోంచి వెళ్ళే పబ్లిక్ ఫుట్‌పాత్ చట్టప్రకారం తార్రోడ్డు ఎలాగో అలాగే, దాని మీద నడవడం ఎవరో దయతలిచి ఇచ్చిన పర్మిషన్ కాదు, అది హక్కు. మన ఊళ్ళల్లో డొంకదారి ఎవరి చేల మధ్య నుంచి పోయినా ఊరందరిదీ ఎలాగో, ఇదీ అంతే. 1949 చట్టంతో ఇలాంటి దారులన్నిటినీ సర్వే చేసి డెఫినిటివ్ మ్యాప్ (దారి హక్కుల అధికారిక మ్యాప్) తయారు చెయ్యాలని కౌంటీ కౌన్సిళ్ళకి చెప్పారు, అందులోకి ఎక్కిన దారిని రైతు తన ఇష్టానికి మూసెయ్యలేడు, పక్కకి జరపాలన్నా లీగల్ ఆర్డర్ కావాల్సిందే.

గుర్తులు తేలిక. పసుపు బాణం ఉంటే కాలినడకకి మాత్రమే, నీలం అయితే గుర్రాలు, సైకిళ్ళు కూడా వెళ్ళొచ్చు, ఊదా రంగు దారిలో గుర్రబ్బండి దాకా ఓకే, ఎరుపు అయితే మోటార్ బళ్ళు కూడా. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసే ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌లో (టర్విల్ వైపుకి 171 నంబర్ షీట్) ఆకుపచ్చ గీతల ముక్కలుగా కనిపించేవే హక్కున్న దారులు. నల్ల చుక్కల గీత ఉంటే అక్కడ నేల మీద బాట ఉందని మాత్రమే అర్థం, మనం నడవొచ్చని కాదు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం భయం పోతుంది.

అపోహ: దారి పంటలోకి పోతోంది, తొక్కడం పాపం, గట్టు పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్దాం

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే మనలో చాలామంది రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళం, పచ్చటి చేలో కాలు పెట్టాలంటే మనసొప్పదు, ఆ మర్యాద నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. కానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది. దారి పొలం మధ్యలోంచి ఉంటే మన హక్కు ఆ మధ్య గీత మీదే, అంచు మీద కాదు. చుట్టూ తిరిగితే చట్టప్రకారం దారి తప్పినట్టే, పైగా అంచునున్న పంట ఎక్కువ దూరం నలుగుతుంది, హెడ్జ్ (పొలం చుట్టూ పొదల కంచె) పక్కన గూళ్ళు పెట్టుకునే పిట్టలు కూడా బెదిరిపోతాయి.

రైతుకీ బాధ్యతలున్నాయి. 1980 హైవేస్ చట్టం ప్రకారం, పొలం మధ్యలోంచి పోయే ఫుట్‌పాత్‌ని తప్పనిసరి అయితే దున్నుకోవచ్చు, కానీ మొదటిసారి దున్నిన 14 రోజుల్లోపు, ఆ పంటకే మళ్ళీ కదిపితే 24 గంటల్లోపు, కనీసం 1 మీటరు వెడల్పుతో నడవడానికి వీలుగా, కంటికి కనిపించేలా చెయ్యాలి. పొలం అంచున పోయే ఫుట్‌పాత్ అయితే అసలు దున్నకూడదు, అక్కడ కనీసం 1.5 మీటర్లు వదలాలి. చాలామంది రైతులు ట్రాక్టర్ చక్రంతో తొక్కించో, మందు కొట్టించో దారి చక్కగా తీసి ఉంచుతారు. అలా లేకపోయినా మీ హక్కు పోదు, ఒకరి వెనక ఒకరు లైనుగా నడవండి, ఫొటో తీసి, గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్ మీద ఆ చోటు చెప్పే నంబర్) రాసుకుని, కౌన్సిల్‌లో ఈ దారుల సంగతి చూసే రైట్స్ ఆఫ్ వే టీమ్‌కి పంపండి, రైతుతో గొడవ పడాల్సిన పనే లేదు.

చేలో దిగాక ఇంకో తికమక. గోధుమ చేను నిలువునా రెండు రెండు గీతలు కనిపిస్తాయి, అవి ట్రామ్‌లైన్లు, స్ప్రేయర్ చక్రాలు వెళ్ళడానికి వదిలినవి, శుభ్రంగా రోడ్డులా ఉంటాయి కాబట్టి జనం వాటి వెంట పడిపోతారు, చివరికి హెడ్జ్ దగ్గర దారి మూసుకుపోయి నిలబడతారు. జంటగా, సమానంగా ఉన్నవి ట్రాక్టర్‌వి. వాటిని ఏటవాలుగా కోసుకుంటూ పోయే ఒంటి బాట మనది. పొలంలో అడుగు పెట్టేముందే అవతలి హెడ్జ్‌లో సందు ఎక్కడుందో, స్టైల్ (కంచె దాటడానికి వేసిన మెట్లు) ఉందో గేటో ఎక్కడ కనిపిస్తోందో చూసి, దాని మీదే కన్నుంచి నడవండి.

అపోహ: హక్కు ఉందంటే పొలమంతా తిరగొచ్చు

కాదు. స్కాట్లండ్‌లో 2003 చట్టం వల్ల చాలా చోట్ల స్వేచ్ఛగా తిరగొచ్చు (అక్కడా పంట ఉన్న పొలాలు మినహాయింపే), దాన్ని చదివి ఇంగ్లండ్‌కి కూడా అన్వయించేస్తారు. ఇక్కడ 2000 చట్టం కింద ఓపెన్ యాక్సెస్‌గా (దారి వదిలి కూడా నడవొచ్చని) గుర్తించిన నేలల్లో తప్ప, మామూలు పొలంలో దారి వరకే మనది. దారి పక్కన కూర్చుని పులిహోర తినడానికి ఎవరూ ఏమీ అనరు, కానీ దుప్పట్లు పరిచి, పిల్లలకి బంతి ఇచ్చి వదిలేస్తేనే సమస్య. ముఖ్యంగా మే, జూన్‌లో మోకాలెత్తు పెరిగిన గడ్డి. "ఉట్టి గడ్డే కదా" అంటారు, అది పశువులకి చలికాలం మేత, రైతు కష్టపడి పెంచిన పంట అది, నేల మీద పడిపోతే కోతకి అందదు. గేట్లు ఎలా ఉంటే అలాగే వదలండి, మూసుంటే మూసి, తెరిచుంటే తెరిచి, నీళ్ళ కోసం పశువులు అటూ ఇటూ తిరగాలని కావాలనే తెరిచి ఉంచుతారు ఒక్కోసారి.

అపోహ: చెట్టుకున్నది కోసుకుంటే తప్పేముంది?

హెడ్జ్‌లో వాటంతట అవే పెరిగిన బ్లాక్‌బెర్రీలు ఇంటి మందం కోసుకోవచ్చు, 1968 థెఫ్ట్ చట్టం ప్రకారం అమ్ముకోవడానికి కానంత వరకు అది దొంగతనం కాదు. మొక్కని వేళ్ళతో పీకడం మాత్రం వేరే నేరం. వేసిన పంట ముట్టుకోవద్దు. సెప్టెంబర్‌లో మొక్కజొన్న చూస్తే మనవాళ్ళకి చెయ్యి ఆగదు, కానీ ఇక్కడ పొలాల్లో ఎక్కువగా కనిపించేది పశువుల మేత కోసం వేసే రకం, కాల్చుకున్నా ఆ రుచి రాదు. అలాగే పసుపుపచ్చగా పూసే రేప్‌సీడ్ (నూనెగింజ పంట) ఆకు, ఆవాకులా ఉందని పప్పులోకి తెంపేవాళ్ళున్నారు. ఆ చేలకి పురుగుమందులు కొడతారు, పిల్లలకి పెట్టే కూరలో అది వెయ్యకండి, దండం పెడతాను.

అపోహ: ఆవులు సాధుజంతువులు, ఆంబోతుతోనే డేంజర్

నాకు భయం వేసేది ఇక్కడే. ఆవుని చూడగానే దగ్గరికెళ్ళి నుదురు తాకి దండం పెట్టుకోవడం మన అలవాటు. ఈ ఆవులు మీకు తెలీదు, మీరు వాటికి తెలీదు, వాటిని రోజూ తాకే మనిషి రైతు ఒక్కడే. దూడలున్న ఆవు అయితే దానికీ దూడకీ మధ్యకి అస్సలు వెళ్ళకూడదు, దూరంగా చుట్టూ తిరిగి మళ్ళీ దారిలో కలవండి, ప్రాణం మీదికొచ్చేటప్పుడు దారి గీత గురించి ఆలోచించక్కర్లేదు. 10 నెలలు దాటిన డెయిరీ జాతి ఆంబోతుల్ని ఫుట్‌పాత్ ఉన్న పొలంలో వదలకూడదని 1981 చట్టం చెప్తుంది, మిగతా జాతుల ఆంబోతులు ఆవులతో కలిసి ఉంటే వదలొచ్చు, కాబట్టి ఆంబోతు కనిపించొచ్చు, చూసి ఆగిపోండి.

గుంపుగా వెంటపడే కుర్ర పశువులు చాలావరకు కుతూహలంతో వస్తాయి. పరిగెత్తొద్దు, వాటి వైపు తిరిగి చేతులు చాపి నిలబడితే ఆగుతాయి, తర్వాత నెమ్మదిగా నడవండి. కుక్క ఉంటే పొట్టి లీష్ మీద ఉంచాలి, కానీ ఆవులు తరుముకొస్తే మాత్రం లీష్ వదిలెయ్యండి. వాటికి కోపం కుక్క మీదే, అది తప్పించుకోగలదు, పట్టుకుని నిలబడితే మీరు మధ్యలో నలిగిపోతారు.

అపోహ: సర్క్యులర్ కదా, తప్పిపోయేదేముంది, గూగుల్ మ్యాప్స్ ఉంది

గూగుల్ మ్యాప్స్‌లో ఇలాంటి ఫుట్‌పాత్‌లు చాలా ఉండవు. లోయల్లో సిగ్నల్ ఉంటుందని నమ్మకం లేదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. టైమ్ లెక్కకి నైస్మిత్ రూల్ సరిపోతుంది, గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 300 మీటర్ల ఎక్కుడుకి అరగంట అదనం, పిల్లలుంటే దాని మీద ఇంకా బాగా కలుపుకోండి. డిసెంబర్‌లో నాలుగు గంటలకల్లా సూర్యుడు దిగిపోతాడు, లంచ్ చేసి బయల్దేరదాం అనే ప్లాన్ అప్పుడు కుదరదు. బట్టల విషయం రెండు ముక్కల్లో చెప్తా: వర్షం పడ్డాక ట్రైనర్స్ జారతాయి, ఎండాకాలం అయినా ఫుల్ ప్యాంటు వేసుకోండి, నెటిల్స్ (తగిలితే మంట పుట్టించే మొక్కలు) తగలకుండా, టిక్స్ పట్టకుండా. టిక్ అంటే పిడుదే, లైమ్ జబ్బు తెస్తుంది, సన్న మొన ఉన్న ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగెయ్యాలి, తర్వాత కొన్ని వారాలపాటు చుట్టూ ఎర్రగా రింగులా పాకుతోందేమో చూసుకోండి, పాకితే జీపీకి (మీ లోకల్ డాక్టర్‌కి) చూపించండి.

అపోహ: గద్దలకి కాస్త చికెన్ వేస్తే పుణ్యం

గాలిమర దగ్గర తల మీద తిరిగే ఎర్ర గద్దలు ఇంగ్లండ్‌లో పూర్తిగా అంతరించిపోతే, 1989 నుంచి 1994 మధ్య స్పెయిన్ నుంచి తెచ్చి చిల్టర్న్స్‌లో వదిలారు, ఇప్పుడు వాటంతట అవే బాగా బతుకుతున్నాయి. వండిన మాంసం వాటికి మంచిది కాదు, పైగా మనుషుల చేతుల్లో తిండి లాక్కోవడం నేర్చుకుంటాయి.

అపోహ: పొలం గేటు ముందు ఖాళీగా ఉంది, కారు పెట్టుకుందాం

ఆదివారం అయినా ఆ గేటు రైతుకి పని గేటే. ఆగస్టులో కోత ఉన్నప్పుడు కంబైన్ హార్వెస్టర్ ఏ టైమ్‌కైనా రావొచ్చు, మీరు కొండ మీదుంటే అది మీ కారు వెనక ఆగి ఉంటుంది, వాన మబ్బు పట్టిన రోజున ఆ రెండు గంటలు ఆయనకి ఏడాది పంట. టర్విల్‌లో పార్కింగ్ కొంచెమే ఉంటుంది, రోడ్లు ఇరుకు. కాబట్టి నాలుగు ఫ్యామిలీలు నాలుగు కార్లలో కాకుండా రెండింట్లో సర్దుకుని పొద్దున్నే రండి, చోటు దొరక్కపోతే వేరే ఊళ్ళో మొదలుపెట్టండి, రౌండ్ కాబట్టి ఫింగెస్ట్ నుంచి మొదలుపెట్టినా అదే నడక.