ప్రకటనలను రౌటర్ దగ్గరే ఆపే జాబితా ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంటి రౌటర్‌లో ఒక చిన్న స్క్రిప్ట్ పెడితే చాలు, ఆ వైఫైకి తగిలించిన ఫోన్లు, టీవీలు అన్నిటిలోనూ చాలా యాడ్స్ కనిపించకుండా పోతాయి. ఇందులో వాడే ఉపాయం మాత్రం వెబ్ ప్రకటనల కంటే పాతది.

ఇంటర్నెట్‌కు ముందున్న నెట్‌వర్క్ ఆర్పానెట్ రోజుల్లో ఏ కంప్యూటర్ ఏ చిరునామాలో ఉందో చెప్పడానికి హోస్ట్స్ అనే ఒకే ఒక ఫైలు ఉండేది. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం దాని బాగోగులు చూసేది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ ఫైలును సరిచేస్తూ అందరికీ అందించడం కష్టమైంది. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను, అంటే పేరు చెబితే చిరునామా వెతికిచ్చే వ్యవస్థను, రూపొందించారు. అయినా పాత ఫైలు పోలేదు. నేటి కంప్యూటర్లు కూడా సాధారణంగా ముందు అందులో చూసుకుని, దొరక్కపోతేనే డీఎన్‌ఎస్‌ను అడుగుతాయి.

1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ సైట్‌లో బ్యానర్ ప్రకటనలు వచ్చాయి. తర్వాత కొన్నేళ్లకు, పేజీ ఒకరి సర్వర్ నుంచి, యాడ్ మరొకరి సర్వర్ నుంచి రావడం మామూలైపోయింది. అడ్డుకోవడానికి సందు దొరికింది అక్కడే. హోస్ట్స్ ఫైలులో యాడ్ సర్వర్ పేరు పక్కన 127.0.0.1 (ఏ కంప్యూటర్‌కైనా తన సొంత చిరునామా) అని రాస్తే, కంప్యూటర్ ఆ యాడ్‌ను తనలోనే వెతుక్కుని, దొరక్క ఊరుకుంటుంది. కొందరు అలాంటి పేర్లను ఓపికగా పోగుచేసి, జాబితాలుగా అందరికీ పంచారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ శ్రమే.

కానీ ప్రతి కంప్యూటర్‌లో ఆ జాబితా పెట్టి, ఎప్పటికప్పుడు మార్చుకోవాలి. ఇంటికంతటికీ ఒకేచోట పెట్టే వీలు 2003లో కలిగింది. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉందని తేలడంతో, దాని కోడ్‌ను అందరికీ ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్స్ ప్రకారం కంపెనీ దాని కోడ్‌ను బయటపెట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడాది, రౌటర్లలో మనకు నచ్చినట్టు మార్చుకోగల సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. సైమన్ కెల్లీ రాసిన డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇలాంటి రౌటర్లలో పేర్లకు జవాబు చెప్పే పని చేస్తుంది. చెప్పిన వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్ అనే ప్రోగ్రామ్ రాత్రిపూట స్క్రిప్ట్‌ను నడుపుతుంది. ఆ స్క్రిప్ట్ జాబితాలను డౌన్‌లోడ్ చేసి, కలిపి, ఒకే పేరు రెండుసార్లు ఉంటే తీసేసి, డీఎన్‌ఎస్‌మాస్క్‌కు అప్పగిస్తుంది. ఆ రౌటర్ తొలి మోడళ్లలో ర్యామ్ 16 ఎంబీ మాత్రమే. అందుకే జాబితా పొడవు ఎంతుండాలన్నది పెద్ద టెన్షన్.

ఈ పద్ధతి చూసేది పేరునే కాబట్టి, వీడియో వచ్చే సర్వర్ నుంచే యాడ్ కూడా వస్తే ఆపలేదు. 2018లో ఇంకో చిక్కు వచ్చింది: డీఎన్‌ఎస్ ప్రశ్నలను హెచ్‌టీటీపీఎస్‌లో, అంటే వెబ్ పేజీలను గుప్తంగా పంపే పద్ధతిలో, దాచి పంపే ప్రమాణం. దారిలో ఎవరూ తొంగిచూడకుండా ఆపుతుంది కాబట్టి అది మంచిదే. అయితే బ్రౌజర్ గానీ యాప్ గానీ రౌటర్‌ను అడగకుండా, తనకు నచ్చిన సర్వర్‌నే అడగగలదు. ఇంట్లోకి ఏం రావాలో తేల్చే హక్కు ఆ ఇంటివాళ్లదే అని నేను నమ్ముతాను. ఇక్కడ అది చేజారుతోంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఇందుకోసం ఒక ప్రత్యేకమైన సైటు పేరును కేటాయించి, దాని గురించి ముందుగా రౌటర్‌ను అడుగుతుంది. ఆ పేరు లేదని రౌటర్ చెబితే, వాడేవాళ్లు తామే ఆన్ చేసుకోనంతవరకు, బ్రౌజర్ ఆ రహస్య దారి వదిలి రౌటర్ జవాబులే తీసుకుంటుంది. మిగతా యాప్‌లు కూడా ఇలాగే అడిగి తీరాలన్న నియమం ఆ ప్రమాణంలో లేదు.