తిరుపతి నాయకుడి పేజీ గొడవ: ఆ లైను ఎందుకు తీసేస్తున్నారంటే

మన తిరుపతి లోకల్ నాయకుడొకాయన ఇంగ్లీష్ వికీపీడియా పేజీలో పాత భూమి కేసు లైను మళ్ళీ ఎక్కింది, మళ్ళీ తీసేశారు, దాంతో నిజం దాచేస్తున్నారని వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. వికీపీడియాలో ఎవరైనా రాయొచ్చనేది అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం. అసలు మలుపు 2005లో ఉంది.

ఆ ఏడాది మేలో జాన్ సైగెంతాలర్ అనే అమెరికా జర్నలిస్టు పేజీలో ఎవరో పేరు లేకుండా రాసిపోయారు, అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ, ఆయన తమ్ముడు రాబర్ట్ కెనడీ, ఈ ఇద్దరి హత్యల్లో ఈ జర్నలిస్టు చెయ్యి ఉందని కొన్నాళ్ళు అనుకున్నారని. సైగెంతాలరేమో రాబర్ట్ కెనడీ దగ్గర పనిచేసి, చివరికి ఆ కెనడీ శవపేటిక మోసినవాళ్ళలో ఒకడు! నాలుగు నెలలకి పైగా ఆ అబద్ధం అట్లే ఉండిపోయింది. నవంబర్‌లో సైగెంతాలరే యూఎస్ఏ టుడే పేపర్లో రాస్తే అప్పుడు పెద్ద దుమారమైంది, తోటి ఉద్యోగిని ఆటపట్టించడానికి రాశానని రాసినాయన ఒప్పుకున్నాడు.

ఆ డిసెంబర్‌లోనే ఇంగ్లీష్ వికీపీడియాలో బతికున్నవాళ్ళ గురించి వేరే రూల్ పెట్టారు. వివాదమయ్యే మాటకి, అది తిట్టైనా పొగడ్తైనా, గట్టి సోర్సు లేకపోతే చర్చ కోసం ఆగకుండా తీసెయ్యాలి, రుజువు చూపించాల్సింది పెట్టినవాళ్ళే. 2009లో వికీపీడియాని నడిపే వికీమీడియా సంస్థ బోర్డు అన్ని భాషల వికీపీడియాల వాళ్ళనీ ఇలాంటి జాగ్రత్త పెట్టుకోమంది.

లైను పెట్టినవాళ్ళు ఎఫ్ఐఆర్ ఉంది, జిల్లా పేపర్లో వచ్చింది గదా అంటున్నారు. ఎఫ్ఐఆర్ అంటే ఫిర్యాదు నమోదైందని మాత్రమే, పైగా కోర్టు కాగితాలూ సర్కారు రికార్డులూ నేరుగా సోర్సుగా వాడొద్దని రూల్లోనే ఉంది. అంతగా పేరులేని మనిషైతే శిక్ష పడేదాకా ఆరోపణ రాయకుండా ఉండే విషయం గట్టిగా ఆలోచించమని కూడా ఉంది. గ్రూపుల్లో తిరిగే క్లిప్పింగ్ చూడండి, తేదీ కత్తిరించేసి ఉంటుంది, పేజీ నంబర్ ఉండదు, ఈ-పేపర్లో వెతుకుదామంటే అన్నేళ్ళ కిందటిది దొరకదు. అరెస్టు వార్తేమో ఫొటోతో నాలుగు కాలాలు, ఏళ్ళ తర్వాత కేసు కొట్టేస్తే సింగిల్ కాలమ్, అది కూడా వేస్తే. పెద్ద నాయకుల మీద పది పేపర్లు రాస్తాయి కాబట్టి రెండు వైపులా దొరుకుతుంది, మన చిత్తూరు, తిరుపతి లాంటి ఊళ్ళలోని మనిషికి ఆ మొదటి వార్తే జీవితాంతం అంటుకుంటుంది.

తీసేసినవాళ్ళు చర్చాపేజీలో అడిగింది రెండే: ఆ వార్త ఏ పేపర్లో ఏ తేదీన వచ్చింది, ఆ కేసు చివరికి ఏమైంది. ఇప్పటిదాకా జవాబు రాలేదు.