తల్లి ఇచ్చిన కవచం పలచబడే నెలలు

1960లలో బ్యాంకాక్‌లోని పిల్లల ఆసుపత్రికి డెంగీ రక్తస్రావ జ్వరంతో వస్తున్న చిన్నారుల వయసులను పరిశీలించిన అమెరికన్ వైద్యుడు స్కాట్ హాల్‌స్టెడ్‌కు ఒక విచిత్రం కనిపించింది. వ్యాధి ముదిరి షాక్‌లోకి వెళ్ళే పిల్లల్లో రెండు గుంపులున్నాయి. ఒక గుంపు ఏడాది నిండని పసివాళ్ళది. అందులోనూ పుట్టిన తొలి నెలల వాళ్ళు కాదు, ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య వాళ్ళే ఎక్కువ. రెండో గుంపు ఇంకొంచెం పెద్ద పిల్లలది. ఈ పెద్ద పిల్లల రక్తాన్ని పరీక్షిస్తే, వారికి డెంగీ రావడం అది రెండోసారి అని తేలింది. పసివాళ్ళకు మాత్రం అదే తొలిసారి. అయితే వాళ్ళ తల్లులకు మాత్రం అంతకు ముందే డెంగీ సోకి ఉంది. ఈ రెండు గుంపులకూ ఉమ్మడిగా ఉన్న అంశం ఒక్కటే: వైరస్ ఒంట్లోకి వచ్చేసరికే రక్తంలో డెంగీ యాంటీబాడీలు ఉన్నాయి. పెద్ద పిల్లలవి సొంతంగా తయారైనవి, పసివాళ్ళవి తల్లి నుంచి వచ్చినవి.

రోగం నుంచి కాపాడవలసిన పదార్థమే రోగాన్ని ముదరబెడుతుందన్న ఈ ఊహపై దశాబ్దాల పాటు వాదోపవాదాలు సాగాయి. దాన్ని అర్థం చేసుకోవడానికి ముందు తల్లి యాంటీబాడీలు బిడ్డకు ఎలా చేరతాయో చూడాలి.

యాంటీబాడీలలో ఐజీజీ అనే తరగతి ఒక్కటే మాయను (ప్లాసెంటాను) దాటి గర్భస్థ శిశువును చేరగలదు. మాయ పొరలోని కణాల మీద దీనికోసమే ప్రత్యేకమైన గ్రాహకాలు ఉంటాయి. అవి తల్లి రక్తంలోని ఐజీజీని పట్టుకొని, కణం లోపలి నుంచి మోసుకెళ్ళి, బిడ్డ వైపు వదిలిపెడతాయి. ఈ రవాణా నాలుగో నెల ప్రాంతంలో కొద్దికొద్దిగా మొదలై, చివరి మూడు నెలల్లో జోరందుకుంటుంది. అందువల్లనే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు తల్లి నుంచి అందిన వాటా తక్కువగా ఉంటుంది, నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో మాత్రం ఐజీజీ తల్లి స్థాయికి సమానంగా, కొన్నిసార్లు అంతకు మించి కూడా ఉంటుంది. ఇవి బిడ్డ సొంతంగా తయారు చేసుకున్నవి కావు గనుక, ఖర్చయినవాటి స్థానంలో కొత్తవి పుట్టవు. సుమారు నెల నుంచి నలభై రోజులకు ఒకసారి వాటి పరిమాణం సగానికి పడిపోతూ ఉంటుంది.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. పుట్టిన రోజున బిడ్డ రక్తాన్ని 640 రెట్లు పలచన చేసినా డెంగీ వైరస్‌ను నిలువరించగలుగుతోందని అనుకుందాం. నలభై రోజులకు ఒకసారి ఆ శక్తి సగమైతే, ఆరుసార్లు సగమయ్యేసరికి, అంటే ఎనిమిదో నెలకు, పది రెట్ల పలచదనానికి మించి పనిచేయని స్థితికి చేరుతుంది. తల్లిలో మొదటే తక్కువగా ఉంటే ఆ రోజు ఇంకా ముందే వస్తుంది. బ్యాంకాక్‌లో 2వ రకం డెంగీ వైరస్ వల్ల తీవ్రంగా జబ్బుపడిన 13 మంది పసివాళ్ళను వారి తల్లులతో జతపరిచి చూసిన అధ్యయనం 1988లో వెలువడింది. తల్లి యాంటీబాడీల పరిమాణాన్ని బట్టి బిడ్డలో రక్షణ ఎప్పటికి అడుగంటుతుందో లెక్కగట్టి చూస్తే, జబ్బు తీవ్రంగా వచ్చింది దాదాపుగా ఆ తర్వాత రెండు నెలలకే. రక్షణ నిండుగా ఉన్న నెలల్లో జబ్బు లేదు. యాంటీబాడీలు పూర్తిగా మాయమైన తర్వాత, ఏడాది దాటిన పిల్లల్లో, తీవ్రత మళ్ళీ తగ్గింది. ప్రమాదమంతా ఆ మధ్య కాలంలోనే ఉంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? డెంగీ వైరస్ రేణువు ఉపరితలం మీద ‘ఇ’ అనే ప్రోటీను 180 ప్రతులుగా పరచుకొని ఉంటుంది. వాటి మీద చాలినన్ని యాంటీబాడీలు అతుక్కుంటేనే వైరస్ కణంలోకి చొరబడలేకపోతుంది. ఒకటో రెండో అతుక్కుంటే వైరస్ చావదు. పైగా యాంటీబాడీ తోక భాగాన్ని గుర్తుపట్టి పట్టుకునే గ్రాహకాలు తెల్ల రక్తకణాలైన మోనోసైట్లు, మాక్రోఫేజ్‌ల మీద ఉండనే ఉన్నాయి. చెత్తను మింగి జీర్ణం చేసుకోవడం ఈ కణాల వృత్తి. దురదృష్టవశాత్తు డెంగీ వైరస్ పెరగడానికి ఇష్టపడేదీ వీటిలోనే. యాంటీబాడీ వైరస్‌ను ఆ కణం గుమ్మం దాకా తీసుకువెళ్ళి అప్పగించినట్లవుతుంది. సోకిన కణాలు పెరిగి, రక్తంలో వైరస్ పెరిగి, చివరకు సన్నని రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) బయటికి కారిపోతుంది. నాలుగు రకాల డెంగీ వైరస్‌లు ఒకదానితో ఒకటి పోలి ఉంటూనే వేరుగా ఉండడం వల్ల ఈ చిక్కు పెరుగుతుంది: ఒక రకానికి పుట్టిన యాంటీబాడీలు మరొక రకాన్ని అంటిపెట్టుకుంటాయి గాని అణచలేవు. హాల్‌స్టెడ్ బృందం 1977లోనే దీన్ని ప్రయోగశాలలో కణాల మీద చూపింది.

కణాల్లో జరిగినదే మనుషుల్లోనూ జరుగుతోందని నిరూపించడం మాత్రం కష్టమైంది. ఫిలిప్పీన్స్‌లోని శాన్ పాబ్లోలో పసివాళ్ళను పుట్టినప్పటి నుంచి గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రయోగశాలలో కొలిచిన, యాంటీబాడీలు వైరస్ సోకును ‘పెంచే’ ఈ గుణానికీ జబ్బు తీవ్రతకూ స్పష్టమైన సంబంధం దొరకలేదు. దీన్ని పక్కన పెట్టేయడం నిజాయితీ కాదు. ఆ తర్వాత నికరాగ్వా రాజధాని మనాగ్వాలో 2 నుంచి 14 ఏళ్ళ మధ్య పిల్లలు ఎనిమిది వేల మందిని ఏళ్ళ తరబడి అనుసరించిన ఫలితాలు 2017లో వచ్చాయి. అసలు యాంటీబాడీలు లేని పిల్లలతో పోలిస్తే, అవి ఒక మధ్యస్థ పరిధిలో ఉన్న పిల్లల్లో తీవ్ర డెంగీ ముప్పు సుమారు 7.6 రెట్లు ఎక్కువగా ఉంది. అంతకంటే ఎక్కువ యాంటీబాడీలున్న వారికి రక్షణ లభించింది. వీళ్ళు పసివాళ్ళు కారు, అవి వారి సొంత యాంటీబాడీలే. అయినా ఎన్ని ఉన్నాయన్నదే ఫలితాన్ని తేలుస్తుందని ఈ అధ్యయనం బలంగా చెప్పింది. పరిమాణం ఒక్కటే కాకుండా యాంటీబాడీ నాణ్యత కూడా లెక్కకు వస్తుంది: తోక భాగంలోని చక్కెర గొలుసులో ఫ్యూకోజ్ అనే చక్కెర లోపించిన ఐజీజీ, మాక్రోఫేజ్ గ్రాహకాలను మరింత గట్టిగా పట్టుకుంటుంది, అలాంటివి తల్లిలో ఎక్కువగా ఉంటే బిడ్డకు డెంగీ జబ్బు ముప్పు పెరుగుతుందని 2020లో మరొక పరిశోధన సూచించింది. శాన్ పాబ్లో ఫలితానికి ఇలాంటి తేడాలే కారణమై ఉండవచ్చునని నా ఊహ.

ఇదంతా మనకు దూరపు విషయం కాదు. 2017–18లో భారత వైద్య పరిశోధన మండలి 15 రాష్ట్రాల్లో 12,300 మంది రక్తాన్ని పరీక్షించినప్పుడు, దేశం మొత్తం మీద 48.7 శాతం మందిలో డెంగీ యాంటీబాడీలు కనిపించగా, దక్షిణాదిన ఆ సంఖ్య 76.9 శాతం. అంటే తెలుగు నేల మీద పుట్టే బిడ్డల్లో చాలామంది తల్లి ఇచ్చిన డెంగీ యాంటీబాడీలతోనే కళ్ళు తెరుస్తారు. మన దగ్గర డెంగీ వానాకాలంలోనూ, అది వెనుదిరిగిన కొన్ని వారాల పాటూ ఎక్కువ. సంక్రాంతికీ ఉగాదికీ మధ్య పుట్టిన బిడ్డ సరిగ్గా ఆ రోజులకే ఆరో నెల దాటుతుంది. ఇది లెక్క ప్రకారం తోచిన మాటే గాని, ప్రతి బిడ్డకూ వర్తించే జోస్యం కాదు. పసివాళ్ళలో అత్యధికులకు డెంగీ సోకినా తీవ్రం కాదు.

చికున్‌గున్యాను మోసేదీ అదే ఈడిస్ దోమ, కథ మాత్రం వేరు. ఆ వైరస్‌కు సీరోటైపు (యాంటీబాడీలు గుర్తించే రకం) ఒక్కటే. ఒకసారి వస్తే రక్షణ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. 2005–06లో ఆంధ్రప్రదేశ్‌తో సహా దేశమంతా విరుచుకుపడి, పదమూడు లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదైన ఆ విజృంభణలో జబ్బుపడి కోలుకున్న ఆడపిల్లలు తర్వాత తల్లులైనప్పుడు, వారి యాంటీబాడీలు బిడ్డకు మేలే చేస్తాయి. ప్రమాదం తల్లికి ప్రసవ సమయంలోనే జ్వరం వచ్చినప్పుడు. అప్పటికి ఐజీజీ తయారు కాదు. వైరస్ మాత్రం రక్తంలో నిండుగా ఉంటుంది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, అవే సంవత్సరాల్లో, అలాంటి తల్లులకు పుట్టిన బిడ్డల్లో దాదాపు సగం మందికి వ్యాధి సోకింది, కొందరికి మెదడు దెబ్బతిన్నది. సిజేరియన్ చేసినా ఫలితం మారలేదు.

టీకాల విషయంలో డెంగీ గుణం మరింత ఇబ్బంది పెట్టింది. తట్టు టీకాను తొమ్మిదో నెల దాకా ఆపేది తల్లి యాంటీబాడీలు టీకాను పనిచేయనీయవన్న కారణంతోనే. అక్కడ నష్టం టీకా వృథా కావడం వరకే. డెంగీలో యాంటీబాడీలు కొద్దిగా ఉండడమే హాని చేయవచ్చు. 2016 నుంచి ఫిలిప్పీన్స్‌లో ఎనిమిది లక్షలకు పైగా బడిపిల్లలకు డెంగ్‌వాక్సియా టీకా వేశారు. అంతకు ముందు డెంగీ సోకని పిల్లల్లో ఆ టీకా తొలి జబ్బులాగా పనిచేసి, తర్వాతి సహజ సోకును తీవ్రం చేయవచ్చునని 2017 నవంబరులో తయారీ సంస్థే ప్రకటించడంతో కార్యక్రమం ఆగిపోయింది. ఆమోదం పొందిన డెంగీ టీకాలన్నీ బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసినవే గనుక గర్భిణులకు వేయరు; మన దేశంలో 2024లో మూడో దశ ప్రయోగాలు మొదలైన టీకానూ పదివేల మందికి పైగా పెద్దలలోనే పరీక్షిస్తున్నారు. ఏడాదిలోపు బిడ్డకు ఇవ్వదగిన డెంగీ టీకా లేదు.

కనుక మిగిలింది దోమ కుట్టకుండా చూడడమే. ఈడిస్ పగటి పూట కుట్టే దోమ, పసిబిడ్డ పగలు కూడా ఎక్కువసేపు నిద్రపోతుంది. అందువల్ల దోమతెర రాత్రికి మాత్రమే అనుకోవడం పొరపాటు. జ్వరం వచ్చిన బిడ్డకు డెంగీ ఐజీజీ పరీక్ష పాజిటివ్ వచ్చిందంటే అది తల్లిదే కావచ్చు, దాన్ని బట్టి జబ్బును నిర్ధారించలేం. ఐజీఎం అనే మరో తరగతి యాంటీబాడీ మాయను దాటదు కాబట్టి అది కనిపిస్తే బిడ్డదేనని, ఎన్ఎస్1 అనే వైరస్ ప్రోటీను కనిపిస్తే వైరస్ ఒంట్లో ఉందని వైద్యులు భావిస్తారు. ప్లాస్మా కారడం సాధారణంగా జ్వరం తగ్గే రోజుల్లోనే మొదలవుతుంది గనుక, జ్వరం జారిన బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, మూత్రం తగ్గినా, వాంతులు ఆగకపోయినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.