అతిమానవుడు పక్కవాడిని దాటినవాడు కాదు

తత్వశాస్త్రం తరగతిలో జర్మన్ తత్వవేత్త నీషే పాఠం వచ్చిన రోజు నా సమయంలో సగం, విద్యార్థులు ముందే విని వచ్చినదాన్ని చెరపడానికే పోతుంది. ఎక్కువగా వినిపించేవి ఇవి.

అపోహ: నీషే ఆదర్శంగా చూపిన అతిమానవుడంటే ఇతరులను తొక్కి పైకెక్కే బలశాలి.

వాస్తవం: 1883-85 మధ్య వచ్చిన నీషే పుస్తకం ‘జరతూష్ట్ర ఇలా పలికాడు’ మొదట్లోనే ఒక సన్నివేశం ఉంది. సంతలో ఒకడు ఎత్తైన తాడు మీద నడుస్తుంటాడు. వెనక నుంచి రంగురంగుల బట్టల విదూషకుడు తరుముకొచ్చి, అతని మీదుగా దూకి ముందుకు పోతాడు. నడిచేవాడు పట్టుతప్పి కిందపడి చనిపోతాడు. పుస్తకానికి కథానాయకుడైన జరతూష్ట్ర కూర్చున్నది ఆ పడిపోయినవాడి పక్కన. ప్రమాదాన్నే వృత్తిగా చేసుకున్నవాడని గౌరవించి, స్వయంగా పాతిపెడతానని మాట ఇస్తాడు. మూడో భాగంలో మళ్లీ ఆ ఊసెత్తి, మనిషిని దూకి దాటేయవచ్చని అనుకునేది విదూషకుడేనంటాడు. దాటాల్సింది తనను తాను. నీషే పెట్టిన పేరు కూడా అదే, ఆత్మాధిగమనం.

అపోహ: సొంత విలువలంటే మనసుకు నచ్చినట్టు బతకడం.

వాస్తవం: అందరూ జారేది ఇక్కడే. మనసు మొదట ఒంటె, తర్వాత సింహం, చివరికి పసిబిడ్డ అవుతుందంటాడు నీషే. ఒంటె మోకాళ్ల మీద వంగి బరువులు అడిగి మరీ ఎత్తించుకుంటుంది. సింహం ‘నువ్వు చేసి తీరాలి’ అనే పేరున్న డ్రాగన్‌తో తలపడుతుంది. కానీ కొత్త విలువలను సృష్టించడం సింహానికీ చేతకాదు, అది చోటు మాత్రం ఖాళీ చేస్తుంది. నా విద్యార్థుల్లో చాలామంది ఒంటెను ఎగ్గొట్టి నేరుగా సింహం దగ్గరికి వస్తారు, గర్జించి అక్కడే ఆగిపోతారు. మరోచోట నీషే, తన బలాలనూ లోపాలనూ ఎదురుగా పెట్టుకుని, ఏళ్ల సాధనతో వాటికి ఒక శైలి కూర్చడం గురించి రాశాడు. నచ్చినట్టు బతికేవాడికి అంత ఓపిక ఎక్కడిది?

అపోహ: దేవుడు చనిపోయాడని నీషే సంబరపడ్డాడు.

వాస్తవం: 1882లో నీషే రాసిన ఒక చిన్న కథలో పట్టపగలు లాంతరు పట్టుకుని సంతలోకి వచ్చిన పిచ్చివాడు ఆ మాట అంటాడు. అతనిది భయం. చూసి నవ్వేది దేవుణ్ణి నమ్మనివాళ్లే.

అపోహ: నాజీల తత్వవేత్త.

వాస్తవం: ఆయన 1889లో మతి కోల్పోయి 1900లో చనిపోయాడు. యూదు ద్వేషాన్ని అసహ్యించుకున్నాడు. చిత్తుప్రతులను ఏరి ‘అధికార సంకల్పం’ పేరుతో 1901లో పుస్తకంగా వేయించింది చెల్లెలు ఎలిజబెత్. అలాగని ఆయన్ను సాధువును చేయలేం, సమానత్వం మీద ఆయన విసుర్లు కటువైనవే.

అపోహ: నీషే వాదానికి అనుచరులు కావచ్చు.

వాస్తవం: ‘జరతూష్ట్ర ఇలా పలికాడు’ మొదటి భాగం చివర జరతూష్ట్ర శిష్యులను వెళ్లిపొమ్మంటాడు. ఎప్పటికీ శిష్యుడిగా ఉండిపోవడం గురువు రుణం తీర్చుకునే పద్ధతి కాదంటాడు. నేను ఈ వాక్యం చదివినప్పుడల్లా తరగతి మొత్తం బుద్ధిగా నోట్సులోకి ఎక్కించుకుంటుంది.